గోడలోని తీగ: ఇంటి నెట్‌వర్క్‌పై ఒక సమీక్ష

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి గుమ్మం దాకా ఇంటర్నెట్ చేర్చడమనే సమస్య చాలా ఊళ్లలో తీరిపోయింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ డక్టులు వేశారు. ప్రైవేటు కంపెనీలు, వాటితో కలిసి పనిచేసే కేబుల్ ఆపరేటర్లు పట్టణాల్లో వీధి వీధికీ ఫైబర్ తెచ్చారు. అయినా ఇళ్లలో వినిపించే ఫిర్యాదు మారలేదు. నెట్ స్లోగా ఉంది, మీటింగులో మాట తెగిపోతోంది, వెనక గదిలో సిగ్నల్ రావడం లేదు అంటూనే ఉన్నారు. లోపం వీధిలోంచి ఇంట్లోకి వచ్చేసింది. మనం మాత్రం ఇంకా వీధిలోనే వెతుకుతున్నాం. ముందు ప్లాన్‌ను 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచుతాం. అప్పటికీ కుదరకపోతే యాంటెనాలు ఎక్కువున్న రౌటర్ కొంటాం. అదీ చాలకపోతే ప్లగ్గులో పెట్టే రిపీటర్. ఆఖరున భద్రత పేరుతో వీపీఎన్ చందా. తీగ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఈ వరస తలకిందులుగా ఉందన్నది నా వాదన. ఇంటి నెట్‌వర్క్‌లో మొదటి రూపాయి గోడలో వేసే రాగి తీగ మీద పెట్టాలి. వైఫై ఆ తీగ చివర మొదలవ్వాలి, అదీ చేతిలో కదిలే పరికరాల కోసం. వీపీఎన్ ఫలానా పని ఉందని తెలిసినప్పుడే రావాలి.

ముందు వేగం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బు మొదట పోయేది అక్కడే. నెట్‌ఫ్లిక్స్ తన ప్రేక్షకులకు చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కె సినిమాకు 15 ఎంబీపీఎస్ సరిపోతాయి. మంచి నాణ్యత గల వీడియో కాల్‌కు మూడు నాలుగు చాలు. నలుగురున్న ఇంట్లో రెండు టీవీలు, రెండు మీటింగులు ఒకేసారి నడిచినా 100 ఎంబీపీఎస్‌లో సగం కూడా నిండదు. మరి మాట ఎందుకు తెగుతోంది? మీటింగుకు కావలసింది ఎంత డేటా వచ్చిందన్నదానికంటే ఎంత క్రమంగా వచ్చిందన్నది. ఒకరు ఫోన్‌లోని వీడియోలన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే రౌటర్‌లో పొడవైన క్యూ తయారవుతుంది. పక్క గదిలో మాట్లాడుతున్న వారి గొంతు ఆ క్యూ చివర నిలబడి ఆలస్యంగా వెళుతుంది. ఈ జబ్బును గుర్తించి, 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ క్యూను అదుపులో పెట్టే కోడెల్ పద్ధతిని ప్రకటించారు. దాని మెరుగైన రూపం ఇప్పుడు కొన్ని రౌటర్లలో ఒక సెట్టింగుగా దొరుకుతుంది. దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కంటే కాస్త తక్కువగా పెడితే, ప్లాన్ పెంచినా రాని స్థిమితం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

ఇంకో పొరపాటు కొలతలో ఉంది. ఫోన్ పట్టుకుని పడక గదిలో స్పీడ్ టెస్ట్ చేస్తే తేలేది ఆ గదిలో వైఫై ఎంత అందుతోందన్నదే గాని, వీధిలోంచి వచ్చే లైను సత్తా కాదు. ల్యాప్‌టాప్‌ను ఒక తీగతో నేరుగా ఆపరేటర్ పెట్టిన పెట్టెకు కలిపి చూస్తేనే అది తెలుస్తుంది. తీగ మీద వేగం సరిగ్గా వచ్చిందంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి లాభం లేదు, జబ్బు ఇంట్లోనే ఉంది. తీగ మీదా రాకపోతే అప్పుడు లైన్‌మన్‌ను పిలిచి ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూడమనాలి. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ కొలత మైనస్ 27 డీబీఎంకు దగ్గరగా పడిపోతే లైను తడబడుతుంది. ఎక్కడో ఫైబర్ మడత పడి ఉంటుంది, లేదా కనెక్టర్‌లో దుమ్ము చేరి ఉంటుంది. ఈ పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలు. ఇది చేయకుండా కొన్న రౌటర్ ఏదైనా చీకట్లో రాయి విసరడమే.

తీగకు ముందు చోటు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ సాంకేతికత పుట్టుకలోనే ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహానెట్‌ను నడిపింది. అందరూ మాట్లాడేది ఒకే తరంగం మీద. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి, కాసేపాగి మళ్లీ పంపాలి. ఆ తొలి పద్ధతిలో చానల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి వాడుకోవడం సిద్ధాంతరీత్యా కూడా సాధ్యం కాదు. ఆ ఆలోచననే 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ తీగలోకి తెచ్చి ఈథర్‌నెట్ చేశారు. మొదట్లో అదీ ఉమ్మడి సొత్తే. ఒకే మందపాటి కేబుల్‌కు అన్ని కంప్యూటర్లూ తగులుకుని ఉండేవి. తర్వాత ఒక్కో యంత్రానికి ఒక్కో తీగ, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ వచ్చాయి; వెళ్లే మాటకు, వచ్చే మాటకు వేరు దారులు ఏర్పడ్డాయి. తీగలో ఢీకొనడం అన్న సమస్యే లేకుండా పోయింది. వైఫైకి ఆ విముక్తి దొరకలేదు. 1997లో వచ్చిన మొదటి ప్రమాణం నుంచి 2024లో ధ్రువీకరణ మొదలైన వైఫై 7 దాకా ఎంత మెరుగుపడినా, ఒక చానల్ మీద ఉన్న పరికరాలన్నీ ముందు విని, గాలి ఖాళీగా ఉంటేనే మాట్లాడాలి. పక్క ఫ్లాటు వారి రౌటర్ అదే చానల్‌లో ఉంటే వారి కోసం కూడా ఆగాలి. పాత ఫోను ఒకటి దూరంగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతుంటే, కొత్త ల్యాప్‌టాప్ దాని మాట పూర్తయ్యేదాకా వేచి ఉండాలి. గాలి ఒక్కటే కాబట్టి ఈ పరిమితి ఏ కంపెనీ తీర్చగలిగింది కాదు.

రౌటర్ పెట్టె మీది అంకెలు ఈ నిజాన్ని దాచేస్తాయి. ఏఎక్స్ 3000 అని రాసిన రౌటర్‌లో ఆ 3000 అంకె 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, 5 గిగాహెర్ట్జ్ మీద 2402 కలిపి, పైకి గుండుసున్నాలు చేసిన మొత్తం. ఒక ఫోను సాధారణంగా ఒకసారి ఒక బ్యాండ్‌కే తగులుకుంటుంది. మామూలు చానల్ వెడల్పులో అది 1201 దగ్గర ఆగుతుంది, అందులో నిజంగా చేతికందేది సుమారు సగం. ఇదంతా రౌటర్ ఎదురుగా కూర్చున్నప్పటి లెక్క. మధ్యలో మన గోడ వచ్చిందంటే అసలు కథ మొదలవుతుంది. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రాల మీద జిప్సం బోర్డు బిగించి కట్టినవి, రేడియో తరంగం వాటిలోంచి పెద్ద కష్టం లేకుండా దాటుతుంది. మన ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగు, ఇనుప చువ్వలు నిండిన పిల్లర్లు, స్లాబ్, గోడకు ఆనించిన బీరువా ఉంటాయి. ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుందని పెట్టె మీద రాసిన మాటను నమ్మి, హాల్లో టీవీ వెనక రౌటర్ పెట్టి, మేడ మీది గదిలో సిగ్నల్ కోసం చూడటం వృథా. తరంగం పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడ దాటే శక్తి తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగానే దాటుతుంది గాని, అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. మియాపూర్‌లోనో మధురవాడలోనో ఒక అపార్ట్‌మెంట్ బ్లాకులో పాతిక రౌటర్లు ఆ మూడింటి కోసమే పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చింది. అయితే 5 గిగాహెర్ట్జ్ గోడ దగ్గర బలహీనపడుతుంది. దిగువ 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2025 మేలో ముసాయిదా నిబంధనలు వెలువడ్డాయి. అది గోడ దగ్గర ఇంకా త్వరగా ఆగిపోతుంది. అంటే ముందు ముందు రాబోయే ప్రతి మెరుగుదలా ఒక గదిలో వైఫైని అద్భుతం చేస్తూ, గోడ అవతలి గదిని ఇంకా దూరం చేస్తుంది. వైఫై 7 వచ్చాక తీగ ఎందుకన్న వారికి ఇదే జవాబు. కొత్త వైఫై గదికొక చిన్న కేంద్రం కోరుతుంది, ఆ కేంద్రానికి డేటా తీగలోంచే రావాలి.

రిపీటర్ ఎందుకు నిరాశపరుస్తుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. విన్న మాటను అదే గాలిలో మళ్లీ చెప్పడం దాని పని. ఒకే రేడియోతో ఇది చేస్తే గాలిలో పట్టే సమయం రెట్టింపవుతుంది, దక్కే వేగం సగానికి పడిపోతుంది. కొన్ని యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఖరీదైన మెష్ సెట్లు ఇందుకు వేరే రేడియో కేటాయిస్తాయి కాబట్టి కొంత నయం. అదే మెష్ యూనిట్‌ను వెనక నుంచి తీగతో కలిపితే తేడా కంటికి కనిపిస్తుంది. అప్పుడు రెండు మూడు గోడలు దాటే పని గాలికి ఉండదు. గదిలోని ఫోను గదిలోని పెట్టెతోనే మాట్లాడుతుంది. పైగా టీవీ, డెస్క్‌టాప్, సీసీ కెమెరాల రికార్డర్, ఆఫీసు పని చేసే బల్ల దగ్గరి ల్యాప్‌టాప్ ఇవన్నీ కదలని వస్తువులు. ఇంట్లో ఎక్కువ డేటా తాగేవి కూడా ఇవే. వాటిని తీగ మీదికి మార్చేస్తే మిగిలిన గాలంతా ఫోన్లకు దక్కుతుంది. తీగ వేయడం వైఫైకి వ్యతిరేకమైన పని కాదు, వైఫైకి చేయగలిగిన అతి పెద్ద ఉపకారం.

తీగ పని ఎలా చేయించాలన్నదే ఈ విషయంలో తక్కువగా రాసిన భాగం, అందుకే కాస్త ఆగి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్‌లో కరెంటు పైపులు పరుస్తారు, గోడలకు గాడి కొట్టి స్విచ్‌బోర్డు దాకా దించుతారు. అప్పుడే నెట్‌వర్క్‌కు విడిగా మరో పైపు వేయించడం పెద్ద ఖర్చు కాదు. నీళ్ల పైపు కోసం తవ్వినప్పుడే ఫైబర్ డక్టు వేస్తే మళ్లీ తవ్వక్కర్లేదన్నది రాష్ట్రస్థాయిలో అర్థమైన సంగతే; ఇల్లు కట్టించే వారికీ అదే సూత్రం వర్తిస్తుంది. గుమ్మం దగ్గరో మెట్ల కిందో ఒక చోట ఆపరేటర్ పెట్టె, రౌటర్, నెట్‌వర్క్ స్విచ్ పెట్టడానికి చిన్న అర, అందులో రెండు ప్లగ్గులు ఉండాలి. అక్కడి నుంచి ప్రతి గదికీ ఒక పైపు, హాల్లో టీవీ వెనక రెండు పాయింట్లు, మేడ మీదికి ఒకటి, సీలింగు మధ్యకు ఒకటి. నెట్‌వర్క్ తీగను కరెంటు తీగలున్న పైపులోనే తోసేయడం ఎలక్ట్రీషియన్లు తరచూ చేసే పని. దాన్ని ఒప్పుకోకూడదు, భద్రతకూ మంచిది కాదు, సిగ్నల్‌కూ మంచిది కాదు. ఇవాళే తీగ లాగకపోయినా సరే, పైపులో లాగుడు దారం వదిలేస్తే రేపు ఏ తీగ కావాలన్నా, రాగి అయినా ఫైబర్ అయినా, గోడ పగలకుండా వస్తుంది.

తీగ ఎంపికలో మోసపోయే చోటు ఒకటుంది. చవగ్గా దొరికే క్యాట్ 6 రకం నెట్‌వర్క్ తీగ చుట్టల్లో చాలావాటిలో ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. ప్రమాణాలు కోరేది పూర్తి రాగి. పూత తీగ వంచితే తెగుతుంది, దాని నిరోధం ఎక్కువ. కెమెరాలకు ఇదే తీగలోంచి కరెంటు పంపితే ఎక్కువ వేడెక్కుతుంది. కొనేటప్పుడు చివర చాకుతో గీకి చూస్తే లోపల వెండి రంగు బయటపడుతుంది. ఇంటి అవసరానికి పూర్తి రాగి క్యాట్ 5ఈ కూడా గిగాబిట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది. క్యాట్ 6 వేస్తే ముందు ముందు అంతకు మించిన వేగాలకూ పనికొస్తుంది. అంతకు మించి ఇంట్లో అక్కర్లేదు. తీగలో ఎనిమిది పోగులుంటాయి, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. క్రింపింగ్ సరిగ్గా చేయక ఒక్క పోగు ఆడకపోయినా పరికరాలు ఏ హెచ్చరికా లేకుండా 100కు దిగిపోవచ్చు. ప్లాన్ 300 అయి ఉండి, తీగ మీద స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందంటే కారణం దాదాపుగా ఇదే, లేదా మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టున్న పాత పెట్టె ఉంది. ఈ 94 అన్న అంకెను గుర్తు పెట్టుకున్న వారికి చాలా కస్టమర్ కేర్ ఫోన్లు తప్పుతాయి. చివరి మాట పిడుగుల గురించి. డాబా మీదుగా పక్కింటికి రాగి తీగ లాగితే వానాకాలంలో ఒక్క పిడుగుకు రెండు ఇళ్లలోని పోర్టులూ కాలిపోవచ్చు. భవనం దాటి వెళ్లాల్సిన చోట ఫైబర్ వాడాలి, గాజు కరెంటును మోయదు.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికంటే న్యాయమైనది అద్దె ఇంటివారిది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాల్లో ఉన్న వారిలో ఎందరో అద్దె ఫ్లాట్లలో ఉంటారు; గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. వారికి గాడి కొట్టమని చెప్పలేం. కానీ గోడ అంచు వెంట పీవీసీ కేసింగు అంటించి, తలుపు చట్రం మూల నుంచి సన్నటి తీగ తీసుకెళ్లవచ్చు. ఖాళీ చేసేటప్పుడు పీకేసుకుని వెళ్లవచ్చు. హాలు నుంచి పని చేసుకునే గదికి ఒక్క తీగ వెళ్లినా, ఆ ఇంటి ఇబ్బందిలో పెద్ద పాలు తీరుతుంది. కరెంటు వైరింగు మీదుగా డేటా పంపే అడాప్టర్లు ఉన్నాయి గాని, ఇన్వర్టర్ లైను ఒకటి, మామూలు లైను ఒకటి, వేర్వేరు ఫేజులు ఉండే మన ఇళ్లలో వాటి మీద భరోసా పెట్టుకోలేం. రెండో అభ్యంతరం, 2023 నుంచి వస్తున్న ఎయిర్‌ఫైబర్ సేవల్లో బయటి నుంచే తీగ లేదు కదా అన్నది. అవి వీధి దాకా ఫైబర్ రాని చోట నిజమైన మేలు చేస్తున్నాయి. అయితే అక్కడ కూడా డాబా మీది యాంటెనా నుంచి ఇంట్లోకి దిగేది తీగే, గదుల మధ్య గోడలు అవే గోడలు. మూడోది ఖర్చు. మూడు గదులకు పూర్తి రాగి తీగ, అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్, ఎలక్ట్రీషియన్ కూలీ కలిపినా ఒక ఖరీదైన మెష్ సెట్ ధర కాదు. రౌటర్లు నాలుగైదేళ్లకు పాతబడతాయి; గోడలోని తీగ ఆ ఇల్లున్నంత కాలం ఉంటుంది. 1999లో గిగాబిట్ ఈథర్‌నెట్ ప్రమాణం రాసినప్పుడు ఉద్దేశించిన నాణ్యత గల తీగ ఇవాళ్టి ఇంటి ప్లాన్లలో చాలావాటిని ఇంకా శ్రమ లేకుండా మోస్తోంది.

వైఫై భద్రత గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే చేయాల్సింది తక్కువే, చేసేవారూ తక్కువే. డబ్ల్యూపీఏ 2 లేదా 3, పొడవైన పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ లేకుండానే పరికరాలను కలిపే, 2011లోనే బలహీనత బయటపడిన డబ్ల్యూపీఎస్‌ను ఆపేయడం. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. 2016లో మిరాయి అన్న దుష్ట ప్రోగ్రాం లక్షల కెమెరాలను, రౌటర్లను స్వాధీనం చేసుకున్నది కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు ఎవరూ మార్చకపోవడం వల్లే. కెమెరాలు, టీవీ, స్మార్ట్ బల్బులు గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే వాటిలో ఒకటి చెడినా బ్యాంకు పని చేసే ల్యాప్‌టాప్ జోలికి రాలేదు.

ఇక వీపీఎన్. ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలగాపులగం అయిపోయాయి, గందరగోళం అక్కడే పుడుతోంది. మొదటిది ఆఫీసు ఇచ్చేది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక గచ్చిబౌలి ఆఫీసుల్లోని పని సొంతూళ్లకు చేరింది. ఉద్యోగి ల్యాప్‌టాప్‌ను కంపెనీ లోపలి నెట్‌వర్క్‌కు కలిపే గుప్త మార్గమే ఈ వీపీఎన్. దీని గురించి ఇంట్లో నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు. అది తరచూ తెగిపోతుంటే తప్పు సాధారణంగా వీపీఎన్‌ది కాదు. అంతకు ముందే ఊగుతున్న వైఫైని అది బయటపెడుతుంది. తీగ మీదికి మారితే చాలావరకు కుదురుకుంటుంది. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతుంటే, ప్యాకెట్ పరిమాణం చూడాలి. మామూలు ఈథర్‌నెట్‌లో 1500 బైట్లు పట్టే చోట, డయల్ చేసి లాగిన్ అయ్యే కనెక్షన్లలో 1492, వీపీఎన్ పొర కూడా పడితే 1420 లేదా ఇంకా తక్కువే పడుతుంది.

రెండోది యూట్యూబ్ ప్రకటనల్లో అమ్మేది. అది ఇంటర్నెట్‌ను వేగం చేయదు, చేయలేదు. దారి పొడుగవుతుంది కాబట్టి కాస్త తగ్గిస్తుంది. హ్యాకర్ల నుంచి కాపాడుతుందన్న మాట పదేళ్ల కిందటైతే కొంత నిజం. ఇప్పుడు బ్యాంకులు, మెయిల్, దాదాపు అన్ని సైట్లూ తమ సంభాషణను తామే గుప్తపరుస్తాయి. వీపీఎన్ ముఖ్యంగా మార్చేది ఇది: మీరు ఏ సైట్లకు వెళుతున్నారో ఇంటర్నెట్ కంపెనీకి తెలిసే బదులు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి దాచుకోవడం పౌరుడి హక్కు కాదా అని అడిగేవారి మాటలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. జర్నలిస్టుకు, వివాదాల్లో ఉన్న కార్యకర్తకు ఆ అవసరం నిజమైనది. అయితే ఇక్కడ చట్టం సంగతి తెలిసుండాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్ సేవలు అమ్మేవారు ఖాతాదారుల పేరు, చిరునామా వంటి వివరాలను అయిదేళ్లు దాచి ఉంచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ తమ సర్వర్లను భారత్ నుంచి తీసేసింది ఇందుకే. కంపెనీలు తమ ఉద్యోగులకు నడిపే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదు. ఉచితంగా ఇచ్చే వీపీఎన్ యాప్‌ల సంగతి వేరు. సర్వర్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, మీ నుంచి డబ్బు తీసుకోనివారు మరేదో తీసుకుంటారు. మామూలు కుటుంబానికి ఈ రెండో రకం వీపీఎన్ అవసరమని చెప్పడానికి నాకు ఆధారం కనిపించలేదు.

మూడోది ఎవరూ ప్రకటన ఇవ్వనిది, నిజంగా ఉపయోగపడేది. అది మన ఇంట్లో మనమే నడుపుకునే వీపీఎన్. గుంటూరులో తల్లిదండ్రులు, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలు ఉన్న కుటుంబాలు ఎన్నో. ఇంటి కెమెరాలు చూడాలన్నా, నాన్నగారి కంప్యూటర్ సరిచేయాలన్నా, దస్తావేజుల స్కానింగులున్న డిస్క్ తెరవాలన్నా, వాటిని ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి పెట్టకుండా చేరుకునే దారి ఇదే. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ ఈ పనిని చాలా తేలిక చేసింది. సుమారు 4,000 వరుసల కోడ్ కాబట్టి నిపుణులు పూర్తిగా చదివి తప్పులు వెతకగలిగారు. దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్లిన ఆ వారంలోనే అది లినక్స్ 5.6లో భాగమైంది. పాత పీపీటీపీ పద్ధతిని మాత్రం ఏ రౌటర్ ఇచ్చినా వాడకూడదు, 2012లోనే దాని తాళం విరిగిపోయింది. ఇంటి వీపీఎన్‌కు అడ్డొచ్చేది ఇంకొకటుంది. ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. ఆసియా-పసిఫిక్ వాటా 2011లోనే అడుగంటింది. అందుకని చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే చిరునామా వెనక పెడతాయి. రౌటర్‌లో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇల్లూ అలాంటిదే, బయటి నుంచి నేరుగా చేరుకోలేరు. స్టాటిక్ ఐపీకి అదనపు రుసుము కట్టవచ్చు. కొరత లేని కొత్త తరం చిరునామా ఐపీవీ6 ఇస్తుంటే దాని మీదుగా చేరుకోవచ్చు. లేదా ఇంటి నుంచే బయటికి దారి తెరిచే టెయిల్‌స్కేల్ లాంటి సేవ వాడవచ్చు. ఆపరేటర్ పెట్టె ఒక రౌటర్‌గా, దాని వెనక మీరు కొన్నది మరో రౌటర్‌గా పనిచేస్తుంటే ఈ చిక్కు రెట్టింపవుతుంది. మొదటి దాన్ని రౌటర్ పని మానేసే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడగాలి, లేదా రెండోదాన్ని వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవాలి.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా ఈ లెక్కలోదే. జీపాన్‌లో వీధిలోని స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. అటు ఆపరేటర్ కేంద్రంలోనూ, ఇటు ఇంట్లోనూ ఉంటే చాలు. ఆపరేటర్ పెట్టె, రౌటర్ ఎక్కువగా 12 వోల్టుల మీద నడుస్తాయి, చిన్న డీసీ యూపీఎస్ వాటిని గంటల తరబడి నిలబెడుతుంది. పెట్టెలన్నీ ఒకే అరలో ఉంటేనే ఒక్క యూపీఎస్ సరిపోతుంది. గదికొక యూనిట్ గాలిలోంచే మాట్లాడుకునే మెష్‌లో మేడ మీది యూనిట్‌కు వేరే బ్యాటరీ కావాలి. సీలింగు యాక్సెస్ పాయింట్‌కు కరెంటు కూడా నెట్‌వర్క్ తీగలోంచే పంపితే అదీ ఆ ఒక్క బ్యాటరీ మీదే బతుకుతుంది.

ఈ ఏర్పాట్లన్నీ ఇల్లు కట్టేటప్పుడే తేలాలి. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. బిల్డర్లు దీన్ని ఎంతవరకు పట్టించుకుంటారన్నది కొనేవారు ఏం అడుగుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కొల్లూరులోనో తాడేపల్లిలోనో కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్లినవారు టైల్సు, మాడ్యులర్ కిచెన్, వాస్తు అన్నీ అడుగుతారు. వాటితో పాటు ఇవీ అడగాలి: లిఫ్టు పక్క షాఫ్టులోంచి ఫ్లాటులోకి ఫైబర్‌కు పైపు ఉందా, ఒకే ఆపరేటర్‌కు కట్టేశారా లేక ఇద్దరు ముగ్గురు రాగలరా, లోపల ఒక అర నుంచి ప్రతి గదికీ కరెంటు పైపు కాకుండా విడి పైపు వెళుతోందా, అందులో వేసింది పూర్తి రాగేనా. ప్లాస్టరింగు అయ్యేలోపు ఈ ప్రశ్నలకు జవాబు మార్చడం మేస్త్రీకి ఒక పూట పని.